డీజిల్ పన్నులో మీ వాటా ఎంతో మీ ప్రణాళికలోనే రాయండి

తెలంగాణలో ఎన్నికల బరిలో నిలిచే అన్ని రాజకీయ పక్షాల ఎన్నికల ప్రణాళికా సంఘాల అధ్యక్షులకు, సభ్యులకు నల్లగొండ నుంచి ఒక ఓటరు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. దేవరకొండ వైపు మాకు కొంత భూమి ఉంది. దానిమీద పెట్టుబడి, రాబడి లెక్కలు నేనే రాస్తాను. ఏ పార్టీ సభ్యత్వమూ నాకు లేదు. మీ ప్రణాళికలను మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు ఉంది. పింఛను ఎంత, ఎకరానికి పెట్టుబడి సాయం ఎంత, గ్యాస్ సిలిండర్ ఎంతకు ఇస్తారు అన్నవి వాటిలో అంకెలతో సహా ఉంటాయి. పెట్రోలు, డీజిల్ మీద మీరు ఎంత పన్ను వసూలు చేస్తారన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ ఒక్క విషయం గురించే ఈ లేఖ. ధర తగ్గించమని అడగడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను, ఎందుకంటే ఇంధనం అనగానే అందరూ అడిగేది అదే, మీరు తేలికగా దాటవేసేదీ అదే.

మా ప్రాంతంలో ఇంధన ధర ఓటరుకు తగిలేది బంకు దగ్గర కాదు. మోటారుసైకిలుకు వంద రూపాయల పెట్రోలు పోయించుకునే మనిషికి ధర పెరిగితే బండి కొంత తక్కువ దూరం పోతుంది, అంతే. జేబులోంచి పోయేది మాత్రం అదే వంద. అసలు దెబ్బ సేద్యపు కిరాయిలో తగులుతుంది. దుక్కి దున్నే ట్రాక్టరు, కరిగెట (నాటుకు ముందు బురద దున్నకం) చేసే ఇనుప చక్రాల కేజీవీలు బండి, వరికోత మిషను, గడ్డి కట్టలు కట్టే యంత్రం, ధాన్యాన్ని కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిర్యాలగూడ మిల్లులకు మోసే లారీ, బత్తాయిని హైదరాబాద్ మార్కెట్‌కు చేర్చే డీసీఎం, ఇవన్నీ డీజిల్ మీద నడిచేవే. డీజిల్ పెరిగిన వారంలోనే గంట కిరాయి పెరుగుతుంది; డీజిల్ తగ్గినప్పుడు కిరాయి తగ్గడం మాత్రం నేను చూడలేదు. ట్రాక్టరు యజమానిని తప్పుపట్టలేము, అతనికి కిస్తీలున్నాయి, టైర్లున్నాయి, డ్రైవరు జీతముంది. కూరగాయల ధరలోనూ ఈ ఖర్చు కలిసే వస్తుంది. 2012ను ఆధార సంవత్సరంగా తీసుకుని లెక్కకట్టిన వినియోగదారుల ధరల సూచీలో 'ఇంధనం, వెలుతురు' పద్దుకు ఇచ్చిన వాటా 6.84 శాతమే, ఆహార, పానీయాలది 45.86 శాతం. టమాట ధర పెరిగిందని ఇంట్లో ఆడవాళ్లు అంటున్నప్పుడు అందులో కొంత డీజిల్ ఉందని ఆ సూచీ చూసి ఎవరూ పసిగట్టలేరు.

ఒక చిన్న లెక్క మీ ముందు ఉంచుతాను. దుక్కి, కరిగెట, కోత, ధాన్యం తరలింపు కలిపి ఎకరం వరికి ఒక పంటకు 25 లీటర్ల డీజిల్ పడుతుందని అనుకుందాం. నేలను బట్టి ఇది కొంత అటూ ఇటూ అవుతుంది. 2024 మార్చిలో ధర తగ్గించిన తర్వాత హైదరాబాద్‌లో లీటరు డీజిల్ 95 రూపాయల 65 పైసలు ఉండేది. అందులో అప్పటి కేంద్ర ఎక్సైజ్ సుంకం 15 రూపాయల 80 పైసలు. రాష్ట్రం వేసే 27 శాతం విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్, సుమారు 20 రూపాయలు. ఈ ప్రకారం ఎకరానికి ఒక పంటకు రాష్ట్రానికి దాదాపు 500, కేంద్రానికి 395, మొత్తం 900 రూపాయల దాకా పన్ను రూపంలో వెళ్లింది. రైతుబంధు కింద ఆనాడు ఎకరానికి ఒక పంటకు ఇచ్చింది 5,000. ఇచ్చినదానిలో ఆరో వంతుకు పైగా డీజిల్ ట్యాంకు గుండా తిరిగి ఖజానాలకే చేరిందన్నమాట. ఇచ్చేటప్పుడు ఫోను మోగుతుంది, ఖాతాలో జమ అయిందని సందేశం వస్తుంది. తీసుకునేటప్పుడు ఏ సందేశమూ రాదు. కౌలు రైతు సంగతి ఇంకా విచిత్రం: జమ పట్టాదారుకు పోతుంది, డీజిల్ పన్ను కౌలుదారు కడతాడు.

ధరల మీద కోపం ఓటుగా మారుతుందా అన్న ప్రశ్నకు మన దగ్గరే ఒక పాత ఉదాహరణ ఉంది. 2000 సంవత్సరంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కరెంటు చార్జీలు పెంచింది. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద కాల్పులు జరిగాయి. 2004 ఎన్నికల్లో ఉచిత కరెంటు వాగ్దానం ప్రధానాంశమైంది, ప్రభుత్వం మారింది, మే 14న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజే ఆ ఫైలు మీద సంతకం చేశారు. బోరుబావుల మీద, కరువు మీద బతికిన మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆ వాగ్దానం బరువెంతో ఆనాటి ఎన్నికలు చూసినవారికి చెప్పనవసరం లేదు. ఆనాటి నుంచి ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా వ్యవసాయానికి ఉచిత కరెంటును ముట్టుకునే సాహసం చేయలేదు.

మరి నీళ్లు తోడే కరెంటుకు దొరికిన ఈ రాజకీయ రక్షణ, దున్నే డీజిల్‌కు ఎందుకు దొరకలేదు? నాకు తోచిన కారణం ఒక్కటే. కరెంటు బిల్లు పంపేది ఎవరో ఓటరుకు తెలుసు. డీజిల్ బిల్లు పంపేవారు ముగ్గురు. కేంద్రాన్ని అడిగితే ధర చమురు సంస్థలు నిర్ణయిస్తాయంటుంది, పెట్రోలుకు 2010లో, డీజిల్‌కు 2014 అక్టోబరులో నియంత్రణ ఎత్తివేశామని గుర్తుచేస్తుంది. చమురు సంస్థలు అంతర్జాతీయ మార్కెట్‌ను చూపిస్తాయి. రాష్ట్రం కేంద్రం వేసిన సెస్సులను చూపిస్తుంది. కేంద్రం మళ్లీ రాష్ట్రం వేసే వ్యాట్‌ను చూపిస్తుంది. ఎవరి చేయి ఎంత ఉందో తెలియనప్పుడు ఓటరు ఎవరిని శిక్షించాలి, ఎవరిని మెచ్చుకోవాలి? 2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు సీఎస్‌డీఎస్ లోక్‌నీతి అనే పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో తమకు అన్నిటికంటే పెద్ద సమస్య నిరుద్యోగమని 27 శాతం మంది, ధరల పెరుగుదలని 23 శాతం మంది చెప్పారు. ఆందోళన ఉంది, దానికి చిరునామా లేదు. ఆ అస్పష్టత వల్ల లాభపడింది మీరే, అందరూ సమానంగా.

ఇది ఆవేశంతో వేసిన నింద కాదని చెప్పడానికి కొన్ని తేదీలు చూడండి. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ ధరల సవరణ మొదలైంది. మార్కెట్ ఏ రోజు ఎటు కదిలితే బంకు ధర అటు కదలాలన్నది సూత్రం. 2018 మే 12న కర్ణాటకలో పోలింగ్ జరిగింది. దానికి ముందు ఏప్రిల్ 24 నుంచి ధర ఒక్క పైసా కదలలేదు. పోలింగ్ ముగిసిన రెండు రోజులకు, మే 14న, మళ్లీ కదిలింది. 2021లో పశ్చిమ బెంగాల్, అసోం, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరిలలో ఎన్నికలు జరిగినంత కాలం పెంపు లేదు, మధ్యలో కొన్ని పైసలు తగ్గింది కూడా. మే 2న ఫలితాలు వచ్చాయి, మే 4న పెంపు మొదలైంది, జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద రూపాయలు దాటింది. మా జిల్లా నాగార్జునసాగర్ ఉపఎన్నిక పోలింగ్ ఏప్రిల్ 17న జరిగింది. ఆ స్తంభన మాకోసం కాదు, అయినా మేమూ ఆ నీడలోనే ఓటు వేశాం.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఆ తర్వాతిది. 2021 నవంబరు 4న కేంద్రం పెట్రోలుపై 5, డీజిల్‌పై 10 రూపాయల సుంకం తగ్గించింది. అప్పటి నుంచి 2022 మార్చి 22 దాకా, నాలుగున్నర నెలలకు పైగా, ధర నిలిచిపోయింది. ఈ మధ్యలోనే ఉక్రెయిన్ యుద్ధం మొదలై ముడిచమురు వంద డాలర్లు దాటింది, ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా ఐదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి, మార్చి 10న ఫలితాలు వచ్చాయి. మార్చి 22 నుంచి రోజుకు 80 పైసల చొప్పున, మధ్యలో ఒకటి రెండు రోజులు విరామమిస్తూ, ఏప్రిల్ 6 నాటికి దాదాపు 10 రూపాయలు పెంచారు. సరిగ్గా అప్పుడే ఆయకట్టు కింద యాసంగి వరికోతలు. ఆ పక్షం రోజుల్లో కోత మిషను కిరాయి ఎలా మారిందో కల్లం దగ్గర నిలబడ్డ ఏ రైతును అడిగినా చెబుతాడు. ధాన్యం కేంద్రం కొనాలా రాష్ట్రం కొనాలా అన్న పోట్లాట అప్పుడు పతాక స్థాయిలో ఉంది. రాష్ట్ర మంత్రులంతా ఏప్రిల్ 11న ఢిల్లీలో దీక్షకు కూర్చున్నారు. వడ్ల ధర గురించి అంత గొడవ చేసిన రెండు ప్రభుత్వాలూ అదే వడ్లను కోసిన డీజిల్ మీది పన్ను గురించి ఎదుటివారిది తప్పనడం తప్ప తమ శాతం ఎంతో ఆ కల్లం దగ్గరికి వచ్చి చెప్పలేదు.

2024లో లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వెలువడింది. దానికి ముందు రోజు ఉదయం నుంచి పెట్రోలు, డీజిల్ రెండు రూపాయలు తగ్గాయి. అంతకు వారం ముందు మార్చి 8న గ్యాస్ సిలిండర్ వంద రూపాయలు తగ్గింది. ఇందులో నియమావళి ఉల్లంఘన ఏమీ లేదు. ఎన్నికల నియమావళి అమలులోకి వచ్చాక పన్ను తగ్గించాలంటే ఉత్తర్వు కావాలి, ఎన్నికల సంఘం అడ్డు చెప్పవచ్చు. పెంచకుండా ఊరుకోవడానికి మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. జ్వరం కొలిచే ముందు థర్మామీటరును చల్లటి నీళ్లలో ముంచి ఇచ్చినట్లుంది ఈ వ్యవహారం. ఓటరు ఆర్థిక స్థితిని తన అనుభవంతోనే కొలుస్తాడు, ఆ కొలతను పోలింగ్ తేదీకి తగ్గట్టు సర్దుతున్నారు.

ఇదంతా కేంద్రంలోని పార్టీ ఒక్కదాని మీదికే నెట్టడం నాకు ఇష్టం లేదు. అంతర్జాతీయంగా ముడిచమురు పడిపోయిన 2014 నవంబరు, 2016 జనవరి మధ్య కేంద్రం తొమ్మిది విడతలుగా ఎక్సైజ్ పెంచిన మాట నిజం. 2015 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం కూడా పెట్రోలుపై వ్యాట్‌ను 31 నుంచి 35.20 శాతానికి, డీజిల్‌పై 22.25 నుంచి 27 శాతానికి పెంచిన మాటా అంతే నిజం. 2021 నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వ్యాట్‌నూ తగ్గించాయి, తెలంగాణ తగ్గించలేదు. కేంద్రం వేసేది లీటరుకు ఇంత అని స్థిరమైన మొత్తం, రాష్ట్రం వేసేది శాతం. అందువల్ల ధర పెరిగితే రాష్ట్ర రాబడి ఏ ఉత్తర్వూ లేకుండానే పెరుగుతుంది. 2022 మే నెలలో కేంద్రం రెండోసారి సుంకం తగ్గించిన తర్వాత తెలంగాణలో లీటరు మీద కేంద్రం కంటే రాష్ట్రమే ఎక్కువ తీసుకుంటున్నది. ఈ సంగతి 2023 ఎన్నికల సభల్లో పాలకపక్షం చెప్పలేదు, అది సహజం. ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ కూడా తాను గెలిస్తే ఈ శాతాన్ని ఏం చేస్తుందో చెప్పలేదు. ఆ పార్టీయే పాలిస్తున్న కర్ణాటకలో లోక్‌సభ ఫలితాలు 2024 జూన్ 4న వస్తే, జూన్ 15న పెట్రోలు, డీజిల్ మీద అమ్మకపు పన్ను పెంచి ధరను మూడు రూపాయల మేర ఎక్కించారు. అయినా అక్కడి డీజిల్ మన కంటే చవకే. మక్తల్ మీదుగా రాయచూరు వైపు పోయే లారీల వాళ్లు కృష్ణా వంతెన దాటిన తర్వాతే ట్యాంకు నింపుకుంటారు.

కేంద్రం గురించి ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. 2024లో డీజిల్ మీద అది తీసుకున్న 15 రూపాయల 80 పైసల్లో రాష్ట్రాలతో పంచుకోవలసిన ప్రాథమిక ఎక్సైజ్ 1 రూపాయి 80 పైసలు మాత్రమే. మిగిలినదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం. వాటిలో రాష్ట్రానికి వాటా లేదు. రాష్ట్రం వ్యాట్‌ను గట్టిగా పట్టుకు కూర్చోవడానికి ఇదొక కారణమని నేను ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే, ఈ కారణాన్ని ఓటరుకు అంకెలతో చెప్పిన పార్టీ ఏదని అడుగుతాను.

మీలో కొందరు అనుభవజ్ఞులు నవ్వుకోవచ్చు: 'మాష్టారూ, ఇక్కడ డీజిల్ చూసి ఎవరు ఓటు వేస్తారు?' అని. ఆ మాటలో కొంత సత్యం ఉంది. 2018 అక్టోబరులో పెట్రోలు ధరలు మండిపోతున్నాయి. కేంద్రం సుంకంలో రూపాయిన్నర తగ్గించి, చమురు సంస్థల చేత మరో రూపాయి తగ్గింపజేసి, రాష్ట్రాలను కూడా తగ్గించమన్నది, మన రాష్ట్రం తగ్గించలేదు. డిసెంబరు 7న ఓట్లు పడితే అదే పాలకపక్షానికి 88 సీట్లు వచ్చాయి. 2023 నవంబరు 30న ఓట్లు పడితే ఉమ్మడి నల్లగొండలో 12 స్థానాలకు 11, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14కు 12 కాంగ్రెస్ గెలిచింది. మహబూబ్‌నగర్ లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ దానివే. ఐదున్నర నెలలు తిరగకుండా అదే ఓటర్లు లోక్‌సభకు స్వల్ప తేడాతో బీజేపీ అభ్యర్థిని పంపారు. మధ్యలో డీజిల్ రెండు రూపాయలు తగ్గింది నిజమే, దానివల్లే ఇలా జరిగిందని నేను ఎంతమాత్రం అనను. ఈ ఫలితాల్లో నాకు కనిపించేది వేరు. మా ఓటరు ఏ ఎన్నికలో ఎవరిని దేనికి జవాబుదారీ చేయాలో వేరు చేసి చూడగలడు. అసెంబ్లీకి ఒక లెక్క, లోక్‌సభకు ఒక లెక్క. అంత వివేకం ఉన్నవాడికి ఒక లీటరులో రెండు ప్రభుత్వాల వాటా ఎంతో చెబితే అర్థం కాదని మీరు అనుకోవడమే తప్పు.

ఇంధన భారం ఎవరికి కనిపిస్తుంది, ఎవరికి కనిపించదు అన్నది కూడా ఈ మధ్య మారింది. 2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ డీజిల్ సెస్సు పేరుతో పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5 రూపాయలు టికెట్టుకు కలిపింది. జూన్‌లో దూరాన్ని బట్టి మరికొంత పెంచింది. ఆనాడు నార్కట్‌పల్లికో, జడ్చర్లకో కూలికి, చదువుకు, ఆసుపత్రికి వెళ్లే ప్రతి మహిళకూ డీజిల్ ధర టికెట్టు మీద అచ్చయి కనిపించింది. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చిన 2023 డిసెంబరు 9 నుంచి ఆమె చేతికి జీరో టికెట్టు వస్తున్నది. ఈ పథకాన్ని నేను తప్పుపట్టను. మా వీధిలో కుట్టుపని నేర్చుకోవడానికి, కళాశాలకు వెళుతున్న ఆడపిల్లల సంఖ్య పెరగడం కళ్లారా చూస్తున్నాను. అయితే డీజిల్ ఖర్చు మాయం కాలేదు, టికెట్టు మీది నుంచి ప్రభుత్వ పద్దులోకి మారింది, ఆ పద్దు నింపేవాటిలో మళ్లీ డీజిల్ వ్యాట్ ఉంది. అటుపక్క ఆటో నడిపే ఆమె భర్తకో, తమ్ముడికో ప్రయాణికులు తగ్గారు, ఇంధనం ధర తగ్గలేదు. ఆటో కార్మికులకు ఏటా 12,000 రూపాయలు ఇస్తామన్న హామీ 2023 కాంగ్రెస్ ప్రణాళికలో ఉంది. వారు ఏడాదిలో కట్టే ఇంధన పన్ను ఎంతో ఆ హామీ పక్కన రాసి ఉంటే ఆ 12,000 విలువ తేలిపోయేది. ఒకే ఇంట్లో భార్య ఓటు ఒక అనుభవం మీద, భర్త ఓటు మరొక అనుభవం మీద పడుతున్నాయి. రెండు అనుభవాలూ నిజమే.

ఇక నా విన్నపం. రాబోయే ఎన్నికల ప్రణాళికలో, అసెంబ్లీకైతే, మీరు అధికారంలోకి వస్తే పెట్రోలు, డీజిల్ మీద వ్యాట్ ఎంత శాతం ఉంచుతారో, దాన్ని శాతంగానే కొనసాగిస్తారా లేక లీటరుకు ఇంత అని స్థిరపరుస్తారో రాయండి. లోక్‌సభకైతే ఎక్సైజ్, సెస్సుల మొత్తం ఎంత ఉంచుతారో, అందులో రాష్ట్రాలతో పంచుకునేది ఎంతో రాయండి. ఈ రెండు ఇంధనాలను జీఎస్‌టీలోకి తెచ్చే విషయంలో రాజ్యాంగపరమైన అడ్డంకి లేదు, జీఎస్‌టీ మండలి ఎప్పటి నుంచి అని సిఫారసు చేయడమే మిగిలింది. 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో ఇప్పుడు కాదని వాయిదా వేశారు. ఢిల్లీలో తేవాలని, హైదరాబాద్‌లో వద్దని ఒకే పార్టీ మాట్లాడటం ఇకనైనా ఆపి, మీ వైఖరి ఒక్క వాక్యంలో చెప్పండి. ప్రతి బంకు దగ్గర ధర పలకతోపాటు మూల ధర, కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను, డీలరు కమిషను వేరువేరుగా తెలుగులో రాయించే బాధ్యత తీసుకుంటారా లేదా అన్నదీ చెప్పండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

పన్ను తగ్గిస్తే పథకాలకు డబ్బెక్కడిదని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందుకే తగ్గించమని నేను అడగడం లేదు. ఉంచదలచుకుంటే ఉంచుతామని చెప్పి ఓటు అడగమంటున్నాను. '27 శాతం అలాగే ఉంటుంది, దానితోనే పెట్టుబడి సాయం, ఉచిత బస్సు నడుపుతాం' అని ఒక పార్టీ ధైర్యంగా రాస్తే నాలాంటివారు దాన్ని గౌరవిస్తారు, బహుశా ఓటూ వేస్తారు. ఇది నా సొంత కోరిక మాత్రమే కూడా కాదు. 2013 జులైలో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా ఎన్నికల సంఘం రూపొందించిన మార్గదర్శకాలు, ప్రణాళికలోని వాగ్దానాలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా సూచించాలని ఇప్పటికే చెబుతున్నాయి. ఆ 'ఎక్కడి నుంచి'లో డీజిల్ ట్యాంకు ఒకటి అయినప్పుడు దాని పేరు రాయడానికి సంకోచం దేనికి?

ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఎడ్లబండి ఎక్కి, ఖాళీ సిలిండరు నెత్తిన పెట్టుకుని నిరసన తెలపని పార్టీ మీలో లేదు. 1973లో వాజ్‌పేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చిన నాటి నుంచి ఆ సంప్రదాయం నడుస్తూనే ఉంది, బండి తోలేవారే మారుతున్నారు. ఈసారి బండి వద్దు. అంకె కావాలి. మీ సంఘాలు ముసాయిదా రాయడానికి కూర్చున్నప్పుడు పైన అడిగిన నాలుగు విషయాలకు జవాబులు తెలుగులో, ఒక పేజీ మించకుండా రాసి జిల్లా కార్యాలయాలకు పంపండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లలో నాకు పరిచయమున్న విశ్రాంత అధ్యాపకులం కొందరం అన్ని పార్టీల జవాబులనూ ఒకే పట్టికలో పక్కపక్కన వేసి, వ్యాఖ్య ఏదీ జోడించకుండా, ట్రాక్టరు అడ్డాల్లో, ఆటో స్టాండ్లలో, కొనుగోలు కేంద్రాల్లో పంచాలని అనుకుంటున్నాం. జవాబు ఇవ్వని పార్టీ పేరు కింద గడి ఖాళీగా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఓటరు
నల్లగొండ